మొక్కల ముచ్చట్లు: బంగాళాదుంప చీకటి లెక్క

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బంగాళాదుంప గురించే. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాలాంటిదానికి ఇంతకన్నా ఏం కావాలి! గులాబీ చీడల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడం గారూ, మేడ మీద సంచుల్లో బంగాళాదుంప వేశాను. మొక్కలు నడుమెత్తు పెరిగాయి, ఆకు నిగనిగలాడుతోంది. వారానికోసారి యూరియా నీళ్లు పోస్తున్నాను. మెట్ల పక్కన ఎల్ఈడీ దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. మొన్న ఒక సంచి తిరగేస్తే దుంప ఒక్కటీ లేదు, తెల్ల దారాల్లాంటివి మాత్రం బోలెడు. జిబ్బరెల్లిన్ మందు కొడితే ఊరతాయని తెలిసినాయన ఒకరు చెప్పారు. కొట్టమంటారా?

జవాబు: కొట్టకండి. ఆ సీసా ముందు పక్కన పెట్టేయండి.

మీరు చూసిన తెల్ల దారాలు వేర్లు కావు, కాండాలే. మట్టి లోపల అడ్డంగా పాకే ఈ కొమ్మల్ని స్టోలన్లు అంటాం. ఒకటి తెంపి, మట్టి కడిగి భూతద్దం కింద పెట్టి చూడండి. కొస కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. పొడవునా కణుపులు, కణుపు కణుపుకీ పొలుసులాంటి చిన్న ఆకు కనిపిస్తాయి. వేరుకు ఇవేవీ ఉండవు. దుంప ఊరేది ఆ వంపుకు సరిగ్గా వెనకాల. అప్పటిదాకా అక్కడి కణాలు అడ్డంగా చీలుతూ, ఒకదాని వెనక ఒకటి చేరుతూ స్టోలన్‌ను పొడవు చేస్తుంటాయి. దుంప వేయమన్న కబురు ఆకు నుంచి అందగానే పొడవు పెరగడం ఆగిపోతుంది. కణాలు నిలువుగా చీలడం మొదలుపెడతాయి, లావెక్కుతాయి, పిండిపదార్థం నింపుకుంటాయి. వంపు వెనక చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బే దుంప. మనం కోసుకునే దుంప మీది కళ్లు ఏమిటనుకున్నారు? ఆ కణుపుల్లోని మొగ్గలే. కన్ను పక్కన సన్నటి గీత ఉంటుంది చూడండి, అది ఆ పొలుసాకు ఉన్న చోటి మచ్చ.

ఇంతకీ స్టోలన్‌ను పొడవు సాగదీసేది ఏదో తెలుసా? మీరు కొట్టబోయిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనే. కొసలో అది మెండుగా ఉన్నంతకాలం స్టోలన్ సాగుతూనే ఉంటుంది, ఊరదు. దుంప వేసే వేళకు మొక్క అక్కడ జిబ్బరెల్లిన్ తయారీ తగ్గిస్తుంది, ఉన్నదాన్ని పనికిరాకుండా చేసే ఎంజైమును పెంచుతుంది. కాబట్టి మీ మొక్కకు హార్మోన్ తక్కువ కాలేదు, తగ్గాల్సింది తగ్గలేదు. దాని మీద మీరు ఇంకాస్త కొడితే దారాలు మరో జానెడు పొడుగవుతాయి. కొన్ని కొసలు మట్టి పైకి వచ్చి, ఆకులు వేసి, మామూలు కొమ్మలైపోతాయి కూడా.

ఎందుకు తగ్గలేదంటే, నా అనుమానం మొదట యూరియా మీదే. వేళ్లకు నత్రజని ఆగకుండా అందుతుంటే దుంప వేయడం వెనక్కి పోతుంది. మట్టి లేకుండా పోషక ద్రావణంలో పెంచిన మొక్కల మీద ఇది చక్కగా తేలింది: నత్రజని ఆపితే స్టోలన్లు ఉబ్బాయి, మళ్లీ ఇస్తే ఆ ఉబ్బిన దుంప కొస నుంచే మళ్లీ స్టోలన్ సాగింది. మీరు వారం వారం పోస్తున్నది ఆకుకు విందు, దుంపకు వాయిదా.

దీపం సంగతి రకాన్ని బట్టి ఉంటుంది. స్వల్పకాలిక రకాలు దాన్ని అంతగా లెక్కచేయవు. ఆలస్యంగా కోతకొచ్చే రకాలు, పాత కొండజాతి రకాలు రాత్రి వెలుతురు పడితే గట్టిగానే మొండికేస్తాయి. ఎందుకో కింది జవాబులో రాశాను. మూడోది వేడి. మట్టి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దుంపకు హాయి. 30 దాటితే చాలా రకాలు దుంప మాటే ఎత్తవు. ఎండ పడే సంచిలో మట్టి నేల కంటే తొందరగా కాగుతుంది.

యూరియా ఆపండి, దీపం ఆర్పండి లేదా అటు తిప్పండి, సంచి చుట్టూ నీడ కట్టి మట్టి మీద ఎండుగడ్డి పరవండి. మొక్క పచ్చగానే ఉందంటున్నారు కాబట్టి పంట పోయిందని టెన్షన్ పడకండి, ఆలస్యమైందంతే. ఇంకో సంచి మాత్రం తిరగేయకండి.

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ చదువుతున్నాను. పగలు ఎంత పొడుగో మొక్కలో ఏ భాగానికి తెలుస్తుంది? దుంప ఊరేది మట్టిలో కదా, అక్కడ వెలుతురే ఉండదు.

జవాబు: నీ రెండో వాక్యంలోనే సగం జవాబు ఉంది తల్లీ. తెలిసేది ఆకుకు. అదీ పగలు కాదు, రాత్రి.

1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కలు పూత పూసే వేళను పగటి పొడవు నిర్ణయిస్తుందని చూపించారు. కాంతికాలావధి అనే మాట నీ పాఠంలోకి వచ్చింది అక్కడి నుంచే. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, హ్రస్వ దీప్తికాల మొక్క, అంటే పగళ్లు కురచైతేనే పూసే మొక్క, కొలిచేది ఎడతెగని చీకటిని. బంగాళాదుంపలోనూ అంతే. పొడుగు రాత్రి నడిమధ్యన కాసేపు ఎర్ర కాంతి వేస్తే ఆ రాత్రి చెడిపోతుంది, దుంప వేయదు. ఆ వెంటనే పరారుణానికి దగ్గరి ఎరుపు, అంటే 730 నానోమీటర్ల కాంతి వేస్తే చెడిన లెక్క తిరిగి సర్దుకుంటుంది. ఇలా అటూ ఇటూ మారే వర్ణకం పేరు ఫైటోక్రోమ్. 1996లో ఆండిజెనా అనే కొండజాతి బంగాళాదుంపలో ఫైటోక్రోమ్ బి ని తగ్గించి చూశారు. పొడుగు పగళ్లలో దుంప వేయని ఆ మొక్క అప్పుడు వేసేసింది. అంటే పొడుగు పగళ్లలో దుంపను ఆపిపెడుతున్నది ఫైటోక్రోమ్ బి అన్నమాట.

ఆకే చెబుతుందని రుజువేమిటి? దీనికి మా పిల్లల చేత ఏటా చేయించిన ప్రాక్టికల్ ఒకటి చెబుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఒక ఆకును, దాని పంగలోని మొగ్గను, చిన్న కాండం ముక్కను కలిపి కోయాలి. మొగ్గ తడి ఇసుకలో మునిగేట్టు, ఆకు పైన ఉండేట్టు నాటాలి. ఆకు వాడకుండా చుట్టూ తేమ ఉంచాలి. రెండు వారాలకు ఇసుక నెట్టి చూస్తే తల్లి మొక్క ఏ స్థితిలో ఉందో ఆ మొగ్గ చెప్పేస్తుంది. తల్లి మొక్క పొడుగు రాత్రులు బాగా చూసి ఉంటే మొగ్గ ఎటూ సాగదు, ఉన్నచోటే శనగగింజంత గుండ్రటి దుంపైపోతుంది, నున్నటి తొక్కతో సహా. కొద్దిగానే చూసి ఉంటే ముందు కురచ స్టోలన్ వచ్చి దాని కొసన దుంప వస్తుంది. అసలు చూడకపోతే మొగ్గ తిన్నగా పైకి లేచి ఆకులు వేస్తుంది. వేరు లేదు, పాత స్టోలన్ లేదు, విత్తన దుంప లేదు. ఉన్నది ఆకు, మొగ్గ మాత్రమే. ఆ మొగ్గకు చెప్పగలిగింది ఇంకెవరు?

ఆ కబురు ఏమిటన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఆకులో తయారై పూత తెప్పించే పదార్థానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన బృందమే ఒక తమాషా చేసింది: బంగాళాదుంప మొదలు మీద పొగాకు కొమ్మ అంటు కట్టింది. పొగాకు పూతకొచ్చే పరిస్థితిలో ఉంటే కింద బంగాళాదుంప ఊరింది. పొడుగు పగళ్లలో పూసే పొగాకు జాతిని కడితే, పొడుగు పగళ్లలోనే ఊరింది! పూతకు, దుంపకు కబురు ఒకే కుటుంబానిదని దాంతో అర్థమైంది. 2011లో స్పెయిన్ పరిశోధకుల బృందం ఆ కబురును పట్టుకుంది. దాని పేరు ఎస్‌పీ6ఏ. ఆకులో తయారయ్యే చిన్న ప్రోటీను అది. చక్కెరలు ప్రయాణించే పోషక కణజాలంలోనే దిగి స్టోలన్ కొసకు చేరుతుంది. పూతకు ఎస్‌పీ3డీ అనే దాని చుట్టం వేరే ఉంది.

పరీక్షలో ఇంత రాయక్కర్లేదు. ఆకు, ఫైటోక్రోమ్, పొడుగు రాత్రి, ఈ మూడూ రాస్తే మార్కులు వస్తాయి.

ప్రశ్న: నమస్కారం అండీ. నేను ఉపాధ్యాయుణ్ణి. దుంప వేయించేది సైటోకైనిన్ అని ఒక పుస్తకంలో, ఆబ్సిసిక్ ఆమ్లం అని ఇంకో పుస్తకంలో, ట్యూబరోనిక్ ఆమ్లం అని మూడో దాంట్లో ఉంది. పిల్లలకు ఏది చెప్పాలి?

జవాబు: నమస్కారం. ఇవన్నీ మొక్కల హార్మోన్లే. మూడు పుస్తకాలూ అబద్ధం చెప్పలేదు, కానీ మూడూ ఒక హీరోను వెతుక్కున్నాయి. ఈ కథలో హీరో కంటే విలన్‌ను పట్టుకోవడం సులువు. విలన్ జిబ్బరెల్లిన్.

దాని పుట్టుపూర్వోత్తరాలు చెబితే పిల్లలు మరిచిపోరు. జపాన్ వరిలో ఒక తెగులు వచ్చేది. నారు అమాంతం సన్నగా, పొడుగ్గా సాగి పడిపోయేది. 1926లో కురొసావా ఆ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని పెంచిన ద్రవాన్ని వడకట్టి, శిలీంధ్రం లేకుండా ఉత్త ద్రవం పోసినా వరి అలాగే సాగుతుందని చూపించాడు. 1935లో యబుత ఆ పదార్థానికి శిలీంధ్రం పేరు మీదే జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. సాగదీయడం దాని పుట్టు గుణం. దుంపకు కావాల్సింది సాగడం ఆగడం. ఆండిజెనాలోనే జిబ్బరెల్లిన్ సరిగా తయారుచేసుకోలేని పొట్టి మొక్క ఒకటి ఉంది. అది పొడుగు పగళ్లలోనూ దుంప వేస్తుంది. జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకునే క్లోర్మెక్వాట్, పాక్లోబ్యుట్రజోల్ లాంటి రసాయనాలు వాడితే దుంప ముందుగా వస్తుంది. మూడు దారులూ ఒకే చోటికి చేరుతున్నాయి చూశారా.

మిగతావాళ్ల పాత్రలు వేరు. సైటోకైనిన్ కణ విభజనకు తోడ్పడుతుంది. టిష్యూ కల్చర్ లాబుల్లో సీసాల్లోనే గోళీల్లాంటి చిన్న దుంపలు తెప్పించడానికి దీన్ని వాడతారు. అయితే ఆ సీసాలో చక్కెర మామూలుగా వేసే 2, 3 శాతం కాకుండా 8 శాతం దాకా వేస్తారు. సీసాలో దుంప వచ్చిందని మొత్తం పేరు సైటోకైనిన్‌కే కట్టబెడితే చక్కెరకు అన్యాయం చేసినట్టే. ఆబ్సిసిక్ ఆమ్లం జిబ్బరెల్లిన్‌కు ఎదురు నిలుస్తుంది. తవ్విన తర్వాత దుంపను నిద్రపుచ్చడంలో దాని పాత్ర ఇంకా పెద్దది. ట్యూబరోనిక్ ఆమ్లాన్ని జపాన్ శాస్త్రవేత్తలు బంగాళాదుంప ఆకుల నుంచే వేరుచేశారు. జాస్మోనిక్ ఆమ్లానికి దగ్గరి బంధువు. 1989లో దాని నిర్మాణం బయటపెట్టినప్పుడు, ఇదిగో అసలు దుంప హార్మోన్ దొరికేసిందన్నంత ఉత్సాహం వచ్చింది. సీసాలో బాగానే పనిచేసింది కానీ, పగటి పొడవుకు, దుంపకు నడుమ ఉన్న లంకె ఏమిటో అంతా దానితో తేలలేదు. ఆక్సిన్ అనే మరో హార్మోన్ ఉబ్బు మొదలయ్యే తొలి ఘడియల్లో కొసన పెరుగుతుంది. ఇథిలీన్ గురించి ఫలితాలు ఒకదానికొకటి పొసగవు, పిల్లలకు చెప్పకపోయినా నష్టం లేదు.

నేనైతే ఇలా చెబుతాను. పొడుగు రాత్రి చూసిన ఆకు కబురు పంపుతుంది. ఎస్‌పీ6ఏ ప్రోటీను ఒక దూత. బెల్5 అనే జన్యువు ఆర్ఎన్ఏ ఇంకో దూత. ఈ రెండోది ప్రోటీనుగా మారకుండా, ఆర్ఎన్ఏ రూపంలోనే ఆకు నుంచి స్టోలన్‌కు ప్రయాణిస్తుంది. నాకు ఇప్పటికీ అది చదివినప్పుడల్లా ఆశ్చర్యమే. అక్కడికి చేరాక జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించే పనిలో చేయి కలుపుతుంది. జిబ్బరెల్లిన్ తగ్గితే పొడవు ఆగుతుంది, కణాలు నిలువుగా చీలతాయి, చక్కెర వచ్చి పిండిపదార్థంగా నిలవవుతుంది. హార్మోన్ల జాబితా బట్టీ పట్టించడం కన్నా ఈ వరుస పిల్లలకు బాగా ఎక్కుతుంది.

ప్రశ్న: బంగాళాదుంప హ్రస్వ దీప్తికాల మొక్క అయితే, వేసవిలో పదహారు గంటల పగలుండే ఉత్తర దేశాల్లో అంత పంట ఎలా పండుతోంది?

జవాబు: మొదట్లో పండలేదండీ. బంగాళాదుంప పుట్టిల్లు ఆండీస్ పర్వతాలు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడవునా పగలు, రాత్రి ఇంచుమించు సమానం. పదహారో శతాబ్దంలో ఇది అట్లాంటిక్ దాటి ఐరోపాకు వచ్చింది. 1567లో కెనరీ దీవుల నుంచి ఆంట్‌వెర్ప్‌కు బంగాళాదుంపలు ఓడలో వెళ్లినట్టు పత్రం దొరికింది. ఐరోపా తోటల్లో నాటితే వేసవంతా ఆకు పెంచుకుంటూ కూర్చుని, శరదృతువులో పగళ్లు కురచయ్యాక గానీ దుంప మొదలుపెట్టేది కాదు. ఈలోగా మంచు పడి మొక్క మాడిపోయేది. రెండు శతాబ్దాలకు పైగా అది తోటలో వింత మొక్కగానే చాలాచోట్ల మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణం.

చిలీ దక్షిణాన, చిలోయె దీవి ప్రాంతంలో మాత్రం పొడుగు పగళ్లకు అలవాటుపడిన రకాలు ముందే ఉన్నాయి. భూమధ్యరేఖకు అంత దూరం కదా. ఇప్పటి సాగు రకాల్లో ఆ చిలీ రకాల అంశ చాలా ఉంది.

అసలు మార్పు ఏ జన్యువులో జరిగిందన్నది 2013లో నెదర్లాండ్స్‌లోని వాఖెనింగన్ పరిశోధకులు చెప్పారు. ఐదో క్రోమోజోము మీద ఉన్న ఆ జన్యువు పేరు సీడీఎఫ్1. మామూలుగా పొడుగు పగళ్లలో కాన్‌స్టాన్స్ అనే ప్రోటీను ఎస్‌పీ5జీ అనే దాన్ని లేపుతుంది, అది వెళ్లి మన ఎస్‌పీ6ఏని నొక్కేస్తుంది. సీడీఎఫ్1 ఈ కాన్‌స్టాన్స్‌ను అదుపులో పెట్టగలదు. కానీ పగటి వెలుతురులో మొక్క సీడీఎఫ్1ను గుర్తుపట్టి ముక్కలు చేసేస్తుంది. ఉత్తరాన పండే రకాల్లో ఆ ప్రోటీను తోక తెగిపోయింది. గుర్తుపట్టాల్సిన భాగం ఆ తోకలోనే ఉంది. అది లేకపోయేసరికి ప్రోటీను పగలంతా బతికిపోతుంది, దుంప కబురు పొడుగు పగళ్లలోనూ వెళ్తూనే ఉంటుంది. స్వల్పకాలిక, దీర్ఘకాలిక రకాలని మనం అనే తేడాలో పెద్ద వాటా ఈ ఒక్క జన్యువుదే.

పగటి పొడవును కొలిచే ఇదే గడియారాన్ని వేరే మొక్కలు తిరగేసి వాడుకుంటాయి. ఉల్లి పొడుగు పగళ్లలోనే గడ్డ కడుతుంది. దాని గురించి ఇంకోసారి.

ప్రశ్న: కాండం మీద, ఆకు పంగల్లో ఆకుపచ్చ ఉండలు వచ్చాయి. కాయలా, దుంపలా? తినొచ్చా?

జవాబు: పూత రాలిన చోట, చిన్న టమాటాల్లా గుత్తిగా వేలాడుతుంటే కాయలు. ఆకు పంగలో కాండానికి అంటుకుని, మీద చిన్న చిన్న ఆకులు కూడా మొలుస్తుంటే దుంపలు. రెండూ తినకూడదు. వాటిలో సోలనిన్ లాంటి విషపదార్థాలు ఉంటాయి. దుంపలైతే మాత్రం కాండం మొదలు తడిమి చూడండి. శిలీంధ్రమో పురుగో కొరికి, బెరడు నల్లబడి ఉంటుంది. ఆకు దుంప వేయమనే చెబుతోంది, చక్కెర కూడా పంపుతోంది, కింద దారి మూసుకుపోయింది. అందుకని దారిలో దొరికిన మొగ్గే ఊరింది.

ప్రశ్న: దుంప మీద దుంప, బుడిపెలు, ఒకదాని కొసన ఇంకోటి గొలుసులా వచ్చాయి. ఏం తెగులు?

జవాబు: తెగులు కాదు, వడగాడ్పు. సగం ఊరాక నాలుగు రోజులు ఎండ కాసి, నీరు తగ్గి, మళ్లీ చల్లబడి నీరందితే ఇలా జరుగుతుంది. వేడికి ఆకులో ఎస్‌పీ6ఏ తగ్గుతుంది, జిబ్బరెల్లిన్ తిరిగి లేస్తుంది. దుంప కొస మళ్లీ స్టోలన్‌లా సాగుతుంది. చల్లబడ్డాక ఆ కొత్త కొస ఊరుతుంది. అందుకే గొలుసు. పచ్చబడకపోతే తినడానికి ఇబ్బంది లేదు, పొట్టు తీయడమే విసుగు.

ప్రశ్న: పూలు తుంచేస్తే దుంపలు పెద్దవవుతాయా? పూత రాకుండా దుంప రాదని కూడా అంటారు, నిజమేనా?

జవాబు: రెండో మాట నిజం కాదు. పూతకు ఎస్‌పీ3డీ, దుంపకు ఎస్‌పీ6ఏ వేరు వేరని పైన రాశాను కదా. ఒకదాన్ని ఆపినా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. మొగ్గలోనే పూత రాల్చేసి చక్కగా దుంపలిచ్చే రకాలు చాలా ఉన్నాయి. తుంచడం వల్ల కలిగే లాభం, కాయలు బాగా కాసే రకాల్లో కాస్త ఉంటుంది, కాయకు పోయే చక్కెర మిగులుతుంది కాబట్టి. పూత రాలిపోయే రకంలో తుంచినా తుంచకపోయినా ఒకటే. దుంప పడిందో లేదో తెలుసుకోవాలంటే పూత కోసం చూడకండి. కాండం మొదట్లో మట్టి వేలితో మెల్లగా పక్కకు నెట్టి, స్టోలన్ కొస ఉబ్బిందేమో చూసి, వెంటనే కప్పేయండి. వెలుతురు తగిలితే పచ్చబడుతుంది.